ఐదో అంతస్తు నుంచి పడితే చీమకేం కాదు, మనిషి దక్కడం కష్టం: ఎందుకని?

విజయవాడలో పటమట వెళ్లినా, గుణదల వెళ్లినా స్టిల్ట్ మీద ఐదంతస్తులు లేపిన అపార్ట్‌మెంట్లే. గుంటూరు విద్యానగర్‌లోనూ అంతే. పై అంతస్తు బాల్కనీ నేలకు సుమారు 15 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ పిట్టగోడ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎన్ని ప్రాణాలు తిరుగుతాయో గమనించండి. చీమల బారు, బల్లి, ఉడుత, పక్క ఫ్లాట్ పిల్లి, బట్టలారేసే మనిషి. అన్నీ అదే ఎత్తు నుంచి జారాయనుకుందాం. చీమ పడ్డచోట నుంచే నడిచి వెళ్లిపోతుంది. ఉడుత ఒక్క క్షణం బిత్తరపోయి దగ్గర్లోని చెట్టెక్కేస్తుంది. పిల్లికి దవడో కాలో విరగొచ్చు, బతికే అవకాశం మాత్రం బాగానే ఉంది. ఆ ఎత్తు నుంచి పడ్డ మనుషుల్లో మాత్రం దాదాపు సగం మంది దక్కరని ట్రామా వైద్యుల అనుభవం.

ఎందుకని ఎవరినడిగినా వచ్చే జవాబు ఒకటే: చిన్నవి తేలిక, అందుకే మెల్లగా పడతాయి. ఈ జవాబు సగం దూరమే తీసుకెళ్తుంది. తేలికగా ఉన్నంత మాత్రాన ఏదీ మెల్లగా పడదు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తిని, ఇంకో చేత్తో డేగ ఈకను ఒకేసారి వదిలాడు. రెండూ ఒకేసారి నేల తాకాయి. అక్కడ గాలి లేదు. అక్కడే ఉడుతను, మనిషిని వదిలినా ఇద్దరూ ఒకే వేగంతో పడతారు. కాబట్టి మొదటి తేడా తెచ్చేది గాలి. రెండో తేడా నేలను తాకిన తర్వాత ఒంట్లో వస్తుంది. ఈ రెండూ వేర్వేరు సంగతులు. రెండింటినీ ఒకే మాటగా కలిపేయడం వల్లే ఈ విషయం మీద ఇంత గందరగోళం.

ముందు గాలి సంగతి చూద్దాం. కింద పడుతున్న ఒంటిని భూమి లాగే బలం దాని బరువు. గాలి దాన్ని అడ్డుకునే బలం ఒంటి వైశాల్యం మీద, వేగం మీద ఆధారపడుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. వేగం పెరిగి పెరిగి ఒక దశలో గాలి అడ్డు సరిగ్గా బరువుకు సమానమవుతుంది. ఇక అక్కడి నుంచి వేగం పెరగదు. మన ఇంటర్ పుస్తకాల్లో దీన్నే చరమ వేగం అన్నారు.

ఇప్పుడు మన ఉడుతనూ మనిషినీ పక్కపక్కన పెట్టి లెక్క వేద్దాం. ఉడుత బరువు 100 గ్రాములు, మనిషి 70 కిలోలు అనుకుంటే మనిషి 700 రెట్లు బరువు. అదే ఆకారాన్ని 700 రెట్లు బరువయ్యేదాకా పెంచితే పొడవు పెరిగేది దాదాపు 9 రెట్లే. వైశాల్యం 80 రెట్లు పెరుగుతుంది. అంటే బరువు 700 రెట్లు పెరిగితే గాలికి అడ్డుపడే చర్మం 80 రెట్లే పెరిగింది. ఒంటిమీద ప్రతి చదరపు సెంటీమీటరు మోయాల్సిన బరువు మనిషికి ఉడుత కన్నా 9 రెట్లు ఎక్కువ. వేగం దీని వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి చరమ వేగం 3 రెట్లు ఎక్కువ. పొట్ట కిందికి పెట్టి పడే మనిషి చరమ వేగం గంటకు సుమారు 195 కిలోమీటర్లు. అందులో మూడో వంతు, అంటే 65, ఉడుతకు రావాలి. ఉడుత నాలుగు కాళ్లూ చాపి, తోక కుచ్చు విప్పుతుంది కాబట్టి నిజంగా వచ్చేది ఇంకా తక్కువ, 40 దరిదాపుల్లో ఉంటుంది.

వేగాల కన్నా ఇదే విషయాన్ని ఎత్తుల్లో చెప్పుకుంటే బాగా అర్థమవుతుందని నా నమ్మకం. ప్రతి జంతువుకూ ఒక ఎత్తు హద్దు ఉందనుకోండి. గాలి లేని చోట ఎంత ఎత్తు నుంచి పడితే దాని చరమ వేగం వస్తుందో అది ఆ జంతువు హద్దు. అంతకన్నా ఎంత పైనుంచి పడినా దెబ్బ ఆ హద్దు నుంచి పడ్డట్టే ఉంటుంది. మనిషికి ఈ హద్దు సుమారు 150 మీటర్లు. పిల్లి చరమ వేగం గంటకు 100 కిలోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, దాని హద్దు 40 మీటర్లు. ఉడుతకు 7, చిట్టెలుకకు 5. బల్లికి 3 మీటర్లకు అటూ ఇటూ, అంటే మన గది పైకప్పు ఎత్తు. చిన్న చీమ చరమ వేగం మనం చురుగ్గా నడిచే వేగమే కాబట్టి దాని హద్దు 15 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. ఇవన్నీ ఒంటి భంగిమను బట్టి మారే ఉజ్జాయింపు లెక్కలే, కానీ తేడా ఎంత పెద్దదో చెప్పడానికి చాలు.

ఈ అంకెల్లో ఇంకో చిత్రం ఉంది. హద్దును జంతువు పొడవుతో భాగించి చూడండి. చీమకైనా మనిషికైనా సొంత పొడవుకు నలభై నుంచి తొంభై రెట్ల మధ్యలో పడుతుంది. ఇది యాదృచ్ఛికం కాదు. చరమ వేగం పొడవు వర్గమూలంతో పెరుగుతుంది, పడే ఎత్తు వేగం వర్గంతో పెరుగుతుంది. రెండూ కలిస్తే హద్దు నేరుగా పొడవుతో పాటు పెరుగుతుంది.

ఇప్పుడు మన ఐదో అంతస్తుకు వద్దాం. దాని ఎత్తు 15 మీటర్లు. చీమ, బల్లి, ఎలుక, ఉడుత హద్దులన్నీ దీనికి లోపలే ఉన్నాయి. వాటికి ఐదో అంతస్తూ, యాభయ్యో అంతస్తూ ఒకటే. పిల్లి, మనిషి హద్దులు దీనికి చాలా పైన ఉన్నాయి. మనిషికి ఆ 15 మీటర్లలో గాలి చేసే సాయం లెక్కలోకి రానంత తక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు. పిల్లి కూడా ఇంచుమించు అంతే వేగంతో తాకుతుంది. గాలి పిల్లిని కాపాడుతుందన్న మాట మన ఊరి అపార్ట్‌మెంట్ల ఎత్తులో నిలబడదు.

ఈ ఆలోచన పాతదే. గెలీలియో 1638లోనే రాశాడు: మూడు నాలుగు మూరల ఎత్తు నుంచి పడితే గుర్రం ఎముకలు విరుగుతాయి, అంతే ఎత్తు నుంచి కుక్కకేమీ కాదు, ఎనిమిది పది మూరల నుంచి పిల్లికేమీ కాదు, గోపురం మీద నుంచి పడ్డా మిడతకేమీ కాదు, చంద్రుడంత దూరం నుంచి పడ్డా చీమకేమీ కాదు అని. దీన్ని ఆధునిక పాఠకుల మనసులో నాటినవాడు బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. వెయ్యి గజాల లోతు గని గోతిలోకి చిట్టెలుకను వదిలితే, కింద నేల కాస్త మెత్తగా ఉంటే, చిన్న కుదుపుతో లేచి పోతుందని 1926లో ఆయన రాశాడు. పెద్ద ఎలుక ఆ లోతుకు చనిపోవచ్చు గానీ పదకొండో అంతస్తు నుంచి పడి తట్టుకోగలదన్నాడు. మనిషి, గుర్రం సంగతి చెప్పక్కర్లేదు. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇమ్మని ముందే రాసిపెట్టాడు, అలాగే చేర్చారు. శరీరాల కొలతల గురించి అంత బాగా రాసిన మనిషి శరీరం చివరికి మన తెలుగు పిల్లలకే పాఠమైందని తెలిసినప్పటి నుంచీ ఆయనంటే నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇక నేలను తాకాక జరిగేది. ఇక్కడ ఒక సులువైన లెక్క ఉంది, స్కూలు పిల్లలకు కూడా చెప్పొచ్చు. పడిన ఎత్తును, ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. ఒంటి మీద పడే కుదుపు భూమ్యాకర్షణకు సుమారు అన్ని రెట్లు. 9 మీటర్ల ఎత్తు నుంచి సిమెంటు నేల మీద పడి, ఒళ్లు 5 సెంటీమీటర్లలో ఆగిపోతే కుదుపు 180 రెట్లు. అదే మనిషి వలలో పడి మీటరున్నర దిగాక ఆగితే 6 రెట్లే. ఎత్తు మారలేదు. ఆగిన దూరం మారింది.

చిన్న జంతువుకు ఇక్కడ ఒక నష్టం ఉంది. దాని కాళ్లు చిన్నవి, పొట్ట చిన్నది, ఆగడానికి దూరం లేదు. 5 మీటర్ల హద్దు వేగంతో పడ్డ ఎలుక 2 సెంటీమీటర్లలో ఆగితే కుదుపు 250 రెట్లు. 150 మీటర్ల హద్దు వేగంతో పడ్డ మనిషి మోకాళ్లు ముడుచుకుని అర మీటరులో ఆగగలిగాడనుకున్నా 300 రెట్లు. అంటే కుదుపు ఇద్దరికీ దాదాపు ఒకటే! మరి ఎలుక ఎందుకు బతుకుతుంది? కుదుపును మోసేది ఎముక. ఎముక బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. దాని మీద పడే భారం ఒంటి ద్రవ్యరాశిని బట్టి ఉంటుంది. ఎలుక కాలి ఎముక మీద ఉన్న ఒళ్లు మూడు సెంటీమీటర్ల ఎత్తే. మనిషి మడమ మీద మీటరున్నర పైగా ఒళ్లు నిలబడి ఉంది. ఒకే కుదుపులో మనిషి ఎముకలో ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే ఒత్తిడి ఎలుక కన్నా యాభై రెట్లు దాకా ఎక్కువ. తేడా అంతా ఇక్కడుంది. మెదడుకూ ఇదే సూత్రం. వడ్రంగి పిట్ట రోజంతా చెట్టు మానును ముక్కుతో మోదినా తట్టుకోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటి దాని మెదడు అతి చిన్నదిగా ఉండటమే.

ఇంకో మెలిక ఉంది, చాలామంది దాన్ని దాటేస్తారు. గాలి పాత్ర లేని తక్కువ ఎత్తుల్లో, మీటరు రెండు మీటర్ల నుంచి పడినప్పుడు, చిన్నదానికి పైన చెప్పిన లాభమూ నష్టమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆగే దూరం ఎన్ని రెట్లు తగ్గిందో, ఎముక మీద భారం కూడా అన్ని రెట్లు తగ్గింది. లెక్క ప్రకారం ఒకే ఆకారంలో ఉన్న చిన్నదానికీ పెద్దదానికీ ఎముకలో ఒత్తిడి సమానం కావాలి. అయినా గెలీలియో గుర్రం విరుగుతుంది, పిల్లి విరగదు. ఎందుకంటే రెండూ ఒకే ఆకారం కాదు. పిల్లి కాళ్లు ఎప్పుడూ ముడిచి, స్ప్రింగులా సిద్ధంగా ఉంటాయి. గుర్రం కాళ్లు తన బరువు తాను మోయడానికే నిటారుగా నిలవాలి, వంగే చోటు తక్కువ. పగులు సంగతీ ఉంది. విరగడానికి కావలసిన శక్తి పగిలే ముఖం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, ఒంట్లో చేరే శక్తి ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. అందుకే పెద్ద ఎముకలో పగులు పాకడం సులువు.

ఏనుగు ఈ వరసలో చివరిది. స్తంభాల్లాంటి దాని కాళ్లు నాలుగూ ఒకేసారి నేల విడవవు, అది గెంతలేదు. చిత్తూరు జిల్లాలో పంటల మీదికి ఏనుగులు రాకుండా అడవి అంచున కందకాలు తవ్వడం వెనక ఉన్న నమ్మకం ఇదే. మేక దూకి దాటే గొయ్యి ఏనుగుకు ప్రాణాంతకం, ఆ సంగతి ఏనుగుకు తెలుసు.

బల్లి గురించి కాస్త ఆగి చెప్పాలి. మన పంచాంగాల్లో బల్లి మనిషి మీద ఎక్కడ పడితే ఏమిటో పట్టికలే ఉన్నాయి. అది ఎలా పడుతుందో చూసినవాళ్లు తక్కువ. ట్యూబ్‌లైటు పక్కన పురుగు కోసం ఎగబడి పట్టు తప్పిన బల్లి వెల్లకిలా జారుతుంది. కానీ నేలను తాకేటప్పటికి పొట్ట కిందికే ఉంటుంది. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో వేగమైన కెమెరాలతో చూశారు: జారిన బల్లి తోకను ఒక పక్కకు గిర్రున తిప్పుతుంది, ఒళ్లు రెండో పక్కకు తిరుగుతుంది, సెకనులో పదో వంతులో సర్దుకుంటుంది. ఆ తర్వాత కాళ్లు నాలుగూ చాచి గాలిని పట్టుకుంటుంది. పట్‌మని పడి, తల ఒకసారి ఎత్తి, మంచం కిందికి దూరిపోతుంది.

చీమకు పడటం ప్రమాదమే కాదు. దారి తప్పడం ప్రమాదం. దక్షిణ అమెరికా వాన అడవుల్లో కొన్ని చెట్టు చీమలు కొమ్మ నుంచి జారితే గాల్లోనే ఒళ్లు మళ్లించుకుని తిరిగి అదే చెట్టు మానును చేరతాయని 2005లో గుర్తించారు. నేల మీద పడితే చావవు గానీ ఇల్లు చేరలేవు. నీళ్లు కూడా చీమకు గండమే. స్నానం చేసి వచ్చిన మనిషి ఒంటి మీద అర కిలో నీరు ఉంటుంది, అది లెక్కలోకి రాదు. తడిసిన ఎలుక తన బరువంత నీరు మోస్తుంది. తడిసిన ఈగ తన బరువుకు ఎన్నో రెట్లు మోయాలి. ఐదో అంతస్తు నుంచి పడి బతికిన చీమ కింద కుళాయి దగ్గర ఒక్క చుక్కలో చిక్కి చావొచ్చు.

ఇప్పుడు పిల్లి. ఇంత వివాదం ఇంకే జంతువు మీదా లేదు. 1987లో న్యూయార్క్‌లోని ఒక జంతు వైద్యశాల ఎత్తైన భవనాల నుంచి పడి తమ దగ్గరికి వచ్చిన 132 పిల్లుల వివరాలు ప్రచురించింది. నూటికి 90 బతికాయి. ఏడో అంతస్తు దాకా ఎత్తుతో పాటు గాయాలు పెరిగాయి, ఆ పైన తగ్గాయి. చరమ వేగం వచ్చాక పిల్లి ఒళ్లు సడలించి కాళ్లు చాపుతుందని, అందుకే దెబ్బ సర్దుకుంటుందని వివరణ ఇచ్చారు. లోకమంతా ఇది నమ్మింది. ఇందులో ఒక పెద్ద లోపం ఉందని నా అభిప్రాయం, నాదే కాదు, చాలామంది ఎత్తిచూపారు. పడ్డచోటే చచ్చిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు. ఇరవయ్యో అంతస్తు నుంచి పడి చచ్చిన పిల్లులు ఆ లెక్కలోకి రానే లేదు. 2004లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ నుంచి 119 పిల్లుల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో ఏడో అంతస్తు, ఆ పైనుంచి పడ్డవాటికే గాయాలు తీవ్రంగా ఉన్నాయి.

గాల్లో తిరిగి కాళ్ల మీద పడే నేర్పు మాత్రం నిజం. 1894లో ఫ్రాన్స్‌లో మారే అనే శాస్త్రవేత్త వరస ఫొటోలు తీసి చూపించాడు. నడుము దగ్గర మడిచి ముందు సగాన్ని ఒక వైపు, వెనక సగాన్ని ఇంకో వైపు తిప్పుకుంటూ ఏ ఆధారమూ లేకుండానే పిల్లి తిరుగుతుంది. కానీ తిరగడం వేరు, తట్టుకోవడం వేరు. మీ ఇంట్లో పిల్లి ఉంటే బాల్కనీకి మెష్ వేయించండి. పడ్డాక లేచి నడిచినా వైద్యుడికి చూపించండి. ఇలా పడ్డ పిల్లుల్లో ఛాతీ లోపలి దెబ్బలు మామూలు, అవి పైకి కనిపించవు.

ఇంద్రకీలాద్రి మీద కోతులను చూస్తూ వాటికి పడటమంటే భయమే లేదనుకుంటాం. పిల్లి కన్నా బరువైన ఈ ప్రాణులకు గాలి సాయం ఇంకా తక్కువ. గిబ్బన్లు అనే తోకలేని అడవి వానరాల అస్థిపంజరాలను పరిశీలించినప్పుడు దాదాపు మూడో వంతులో విరిగి అతుక్కున్న ఎముకలు కనిపించాయి. చెట్ల మీద గిబ్బన్‌ను మించిన ఆటగాడు లేడు. అదే అన్నిసార్లు పడింది, విరిగింది, మానింది. మనం చూసేది మానినవాటినే.

మనుషుల్లోనూ నమ్మశక్యం కాని ఉదాహరణలున్నాయి. 1971 డిసెంబరు 24న పెరూలో విమానం గాల్లోనే విడిపోయి 17 ఏళ్ల యూలియానే కోప్కే సీటుకు కట్టుకుని ఉండగానే సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి అడవిలో పడి బతికింది. 1972 జనవరి 26న విమాన సహాయకురాలు వెస్నా వులోవిచ్ 10,160 మీటర్ల ఎత్తులో పేలిపోయిన విమానం ముక్కలో ఇరుక్కుని చెకోస్లొవేకియా మంచు కొండల్లో పడి బతికింది. ఈ ఎత్తులు విని గుండె ఝల్లుమంటుంది గానీ, మనిషి హద్దు దాటాక మూడు కిలోమీటర్లూ పది కిలోమీటర్లూ ఒకటే. వాళ్లను నిలబెట్టింది ఆగిన దూరం. చెట్ల కొమ్మలు, మంచు వాలు, చుట్టూ ఉన్న సీట్లు, లోహం కలిసి ఆ దూరాన్ని సెంటీమీటర్ల నుంచి మీటర్లకు పెంచాయి.

అదే దూరాన్ని మనం కావాలని ఏర్పాటు చేయొచ్చు. ఊళ్లో కట్టుబడి జరిగే చోట పరంజా మీద నిలబడ్డ తాపీ మేస్త్రీనీ, తాడు కట్టుకుని గోడకు రంగులేసే కుర్రాణ్నీ రోజూ చూస్తాం. చాలాచోట్ల వల ఉండదు, ఉన్నా నేలకు అడుగు ఎత్తులో ఉంటుంది. నేలకు ఆనుకుని కట్టిన వలకు సాగే చోటు లేదు, అది ఉన్నా లేనట్టే. వల పని జరిగే అంతస్తుకు వీలైనంత దగ్గరగా, కింద మీటర్ల కొద్దీ ఖాళీతో ఉండాలి. ఒంటికి కట్టుకునే రక్షణ బెల్టు కొక్కెం తల పైన తగిలించాలి, కాళ్ల దగ్గర కాదు, అప్పుడు పడే ఎత్తే తగ్గుతుంది. సాగని తాడైతే అదే నడుము విరగ్గొడుతుంది. బెల్టునూ కొక్కేన్నీ కలిపే తాడు (లాన్యార్డ్) కుదుపు పీల్చేదైనప్పుడే బెల్టుకు అర్థం. ఐరోపా ప్రమాణాలు ఆగేటప్పటి బలం 6 కిలోన్యూటన్లు దాటకూడదంటాయి, అంటే 80 కిలోల మనిషికి ఏడెనిమిది రెట్ల కుదుపు.

గుంటూరు జిల్లా చెరువు గట్ల మీద తాడి చెట్టెక్కే గీత కార్మికుడికి కింద వల కట్టే వీలే లేదు. చెట్టు పదిహేను మీటర్లు, కింద గట్టి నేల. గాలి ఆయనకేమీ చేయలేదు, నేలా చేయదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, పడే ఎత్తును తగ్గించడం. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం పని చేసేది ఈ సూత్రం మీదే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒంటికి బిగించిన పట్టీ, తాడు మానును వదలవు. కాలు జారితే తాడు చెట్టుకు బిగుసుకుంటుంది, మనిషి కాస్త జారి ఆగిపోతాడు. పదిహేను మీటర్ల చెట్టు మీద ఆయన పడేది అడుగో రెండడుగులో.